బీడీ చాటల నడుమ పుస్తకం

ఈ ఏడాది మా అరుగు మీద గెలిచింది ఒక పంది కథ. డాక్టర్ కేశవరెడ్డి రాసిన 'అతడు అడవిని జయించాడు'. ఓడినవాటిలో పెద్ద పెద్ద పేర్లే ఉన్నాయి. గెలుపోటములు తేల్చింది మాత్రం నేను కాదు. మా అమ్మ, పక్కింటి పెద్దమ్మ, ఎదురింటి వదినె, మా చిన్నత్త, ఇంకా తీరికను బట్టి చాట పట్టుకొచ్చి కూర్చునే ఇద్దరు ముగ్గురు. అందరూ బీడీలు చేసేవాళ్లే. వాళ్లు బీడీలు చుడుతుంటారు, నేను పుస్తకం పైకి చదువుతుంటాను.

మాది నిజామాబాద్ జిల్లా సిరికొండ. కప్పలవాగు, వరి, మక్క, ఇంటింటా బీడీల చాట, ఇంటికొకరు గల్ఫులో. మా మండలం గురించి తెలియనివాళ్లకు ఇంత చెబితే చాలు. పొద్దంతా నేను జిరాక్స్ దుకాణంలో ఉంటాను. ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాలు, దుబాయి పోయేవాళ్ల పాస్‌పోర్టులు. అక్షరాలు కళ్ల ముందు నుంచి పోతూనే ఉంటాయి, ఒక్కటీ చదివినట్టు ఉండదు. సాయంత్రం ఇంటికొచ్చి చాయ్ తాగి అరుగెక్కితేనే అసలు చదువు. ఒకప్పుడు నేనూ చాట ముందు కూర్చున్నదాన్నే. నా కాలేజీ ఫీజులు ఆ పైసలతో కట్టినవే.

ఈమధ్య ఏం చదివారు, ముందు ఏం చదవబోతున్నారు అని పుస్తకాలు చదివేవాళ్లను ఎవరైనా అడుగుతారు. నన్నడిగితే రెండు జాబితాలు చెప్పాలి. కళ్లతో చదువుకునేవి కొన్ని, నోటితో చదివేవి కొన్ని. ఆ రెంటికీ పొత్తు తక్కువ. ఒక్కదాన్నే కూర్చుని చదివినప్పుడు అద్భుతం అనుకున్న పుస్తకం, నలుగురి మధ్య గొంతెత్తి చదివేసరికి మూడో పేజీకే చతికిలబడటం చూశాను. ఒంటరిగా చదివినప్పుడు అంతంత మాత్రం అనిపించినది అరుగు మీద లేచి నిలబడటమూ చూశాను. అందుకని ఇప్పుడు నా చదువు ప్రణాళికంతా మా అరుగు చేతుల్లోనే ఉంది.

పైకి చదవడమంటే బడిలో పాఠం అప్పజెప్పినట్టు కాదు. బీడీ పనికి ఒక నడక ఉంది, చదువు దాన్నిబట్టి సాగాలి. తునికాకును ముందురోజే తడిపి గుడ్డలో చుట్టిపెడతారు. మెత్తబడ్డ ఆకు మీద రేకు అచ్చు పెట్టి కత్తెరతో కోస్తారు. ఆ కోసే వేళ చదివితే దండగ. నాలుగు కత్తెర్లు ఒక్కసారి ఆడుతుంటే మాట వినబడదు, పైగా చూపంతా ఆకు మీదే ఉంటుంది. అది ముచ్చట్ల వేళ. కట్టలు కట్టేటప్పుడు అసలే చదవొద్దు. 25 బీడీలు లెక్కపెట్టి దారం చుడుతున్న మనిషి చెవిలో కథ పడిందంటే లెక్క తప్పుతుంది. తప్పిన లెక్క రేపు కార్ఖానాలో తేలుతుంది. చదువుకు పనికొచ్చేది నడిమి వేళ. ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొసలు మడిచే ఆ కొన్ని గంటలు చేతికి కన్నుతో పనిలేదు. వేళ్లు వాటంతట అవే తిరుగుతుంటాయి, మనసు ఎక్కడికైనా పోవచ్చు.

కథ రంజుగా ఉంటే చేతులు ఆగిపోతాయని నేను మొదట్లో అనుకునేదాన్ని. ఆగవు, ఇంకా వేగంగా కదులుతాయి. విసుగొచ్చిందంటే మాత్రం ఒకరు తంబాకు చెరగడం మొదలుపెడతారు, ఇంకొకరు పక్కూరి పెండ్లి ముచ్చట తీస్తారు. అంటే ఆ రోజుకు పుస్తకం మూసేయమని అర్థం. ఎవరూ నోటితో చెప్పరు. ఏ పత్రికలో వచ్చే సమీక్షా ఇంత సూటిగా ఉండదని నా అభిప్రాయం.

ఒక ఇబ్బంది ఉంది. మా ఇంట్లోకి వచ్చిన ప్రతి పుస్తకానికీ తంబాకు వాసన పడుతుంది. ఎవరో ఒకరు బొమ్మ చూస్తామని అట్ట పట్టుకుంటారు, బొటనవేలి ముద్ర గోధుమ రంగులో దిగిపోతుంది. గ్రంథాలయం నుంచి తెచ్చినవాటికి నేను ముందుగానే పేపరు అట్ట వేస్తాను. మనుషుల ఊపిరితిత్తుల్లో పేరుకునే తంబాకు దుమ్ముకు అట్ట వేసే మార్గం లేదు. దానికి వచ్చేది దగ్గు. మా అమ్మ దగ్గినప్పుడల్లా నేను వాక్యం మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెడతాను.

ఈ పద్ధతి నేను కనిపెట్టిందేమీ కాదు. క్యూబా రాజధాని హవానాలో 1865లో 'ఎల్ ఫిగరో' అనే చుట్టల కార్ఖానాలో మొదలైంది. చుట్టలు చుట్టే పనివాళ్లు తమ కూలిలోంచి తలా కొంత వేసుకుని ఒక చదివే మనిషిని పెట్టుకున్నారు. ఆయన ఎత్తైన బల్ల మీద కూర్చుని ఉదయం పత్రికలు, తర్వాత నవలలు చదివేవాడు. ఏ నవల చదవాలో పనివాళ్లే ఓటు వేసి తేల్చేవాళ్లు. మరుసటి ఏడే స్పెయిన్ వలస పాలకులు ఆ చదువు మీద నిషేధం పెట్టారంటే అది ఎంతగా పనిచేసిందో ఊహించుకోవచ్చు. అలెగ్జాండర్ డ్యూమా రాసిన మాంటెక్రిస్టో కథ ఆ కార్ఖానాల్లో ఎంత నచ్చిందంటే, 1935లో వచ్చిన ఒక చుట్టల రకానికి ఆ పేరే పెట్టారు. అమెరికాలోని టాంపాలో క్యూబా పనివాళ్లు ఇదే నడిపించారు. 1931లో యజమానులు చదివేవాళ్లను తీసేశారు, ఆ చోట్లోకి రేడియో వచ్చింది.

అంత దూరం ఎందుకు, కేరళ కన్నూరులో బీడీ కార్మికులూ ఇదే చేశారు. ఒకరు పత్రిక చదువుతుంటే, ఆ చదివేవాడి వంతు బీడీలు మిగతావాళ్లు చుట్టి ఇచ్చేవాళ్లు. 1969లో మొదలైన కేరళ దినేశ్ బీడీ సహకార సంఘం షెడ్లలో ఆ అలవాటు చాలా ఏళ్లు నడిచింది. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు లక్షలాది చేతులు బీడీలు చుడుతున్నా మనకు ఆ సంప్రదాయం రాలేదు. నాకు తోచే కారణం ఒకటే. కన్నూరులో పని ఒక షెడ్డు కింద, వందమంది మధ్య జరిగేది, చాలామంది మగవాళ్లు. మన దగ్గర పని ఇంట్లో, ఆడవాళ్ల చేతుల్లో, చాట చాటకూ గోడ అడ్డం. కార్ఖానాకు పోయేది ఆకు తెచ్చుకోవడానికి, బీడీలు అప్పజెప్పడానికే. వినేవాళ్లు ఒక్కచోట చేరితే కదా చదివేవాళ్లు పుట్టేది.

పంది కథ దగ్గరికి వస్తాను. కేశవరెడ్డి 1946లో చిత్తూరు జిల్లా తలపులపల్లెలో పుట్టాడు, పుదుచ్చేరిలో వైద్యం చదివాడు. ఆయన కథలన్నీ ఆ సీమవే, ఆ చెట్లు, ఆ వాగులు, ఆ మాట. కానీ ఆయన రోగులను చూసింది మా దగ్గర, డిచ్‌పల్లి విక్టోరియా ఆసుపత్రిలో, కుష్ఠు వైద్యుడిగా. స్కాట్లండు నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ 20వ శతాబ్దం మొదట్లో మొదలుపెట్టిన ఆసుపత్రి అది. ఊళ్లలోంచి వెళ్లగొట్టిన మనుషులకు అప్పట్లో అదొక్కటే దిక్కు. మాకు నిజామాబాద్ కంటే డిచ్‌పల్లే దగ్గర. మా ఊరి పాతవాళ్లకు ఆ ఆసుపత్రి తెలుసు, అందులో ఒక నవలాకారుడు పనిచేశాడన్నది మాత్రం ఎవరికీ తెలియదు. 2015 ఫిబ్రవరి 13న ఆయన నిజామాబాద్‌లోనే కన్నుమూశాడు. కవుల పేర్లు చెప్పమంటే పదిమంది పేర్లు చెప్పే మా జిల్లా వాళ్లు ఈయన దగ్గరికొచ్చేసరికి "చిత్తూరాయన" అని వదిలేస్తారు. నా దృష్టిలో అది అన్యాయం. సమాజం దూరం పెట్టిన ఒళ్లను రోజూ చేత్తో పట్టి చూసిన మనిషి కాబట్టే పందులు కాచుకునేవాణ్ణి, యానాదిని, నేల పోగొట్టుకున్న రైతును అంత దగ్గరగా రాయగలిగాడని నేననుకుంటాను. ఆ దగ్గరితనం ఆయనకు కొంతైనా మా గడ్డ మీదే అబ్బి ఉండాలి.

'అతడు అడవిని జయించాడు' చిన్న నవల, 1980ల్లో వచ్చింది. ఒక ముసలాయన. మందలోంచి తప్పిపోయిన ఒక సూడిపంది. దాన్ని వెతుక్కుంటూ అడవిలో గడిపిన ఒక రాత్రి. అంతే. హెమింగ్వే రాసిన ముసలివాడు, సముద్రం కథతో దీన్ని పోల్చి చాలామంది రాశారు. మా అరుగుకు హెమింగ్వేతో పనిలేదు. వాళ్ల వాదన అంతా లెక్క దగ్గర మొదలైంది.

"ఒక్క పంది కోసం గింత రాత్రి అడివికి పోతడా? పానం మీదికి తెచ్చుకుంటడా?" అంది వదినె.

"ఒక్క పందంటే ఊకెనా? ఈనితే ఎన్ని పిల్లలైతయ్! ఏడాది బతుకు గది" అని పెద్దమ్మ.

"గట్లయితే పగటిపూట పోవాలె గదా."

"పగటిదాంక నక్కలు కూసుంటయా, నీ లెక్క?"

ఆ సాయంత్రం నేను చదివింది నాలుగు పేజీలే, వాళ్ల వాదన సగం వేళ తినేసింది. మరునాడు చాటలు మామూలుకంటే ముందే వచ్చేశాయి. ముసలాయన తనలో తాను మాట్లాడుకునే చోట్లు నాకు ఒంటరిగా చదివినప్పుడు కొంచెం పొడుగనిపించాయి. మా పెద్దమ్మకు అవే నచ్చాయి. "చీకట్ల ఒక్కనివి ఉంటే నోరు మూసుకొని ఉంటవా? మాట్లాడకుంటే పిచ్చి లేస్తది" అంది. ఆమె భర్త పోయాక చాలాకాలం ఒక్కతే పొలం కాపలాకు పోయింది, ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. పుస్తకం చివర ఏమవుతుందో ఇక్కడ చెప్పను. చదివి ముగించాక అరుగు మీద ఎవరూ ఏమీ అనలేదు. ఆనక చిన్నత్త, "ఇంక రాసినాడా గీ డాక్టర్?" అని అడిగింది.

రాశాడు. 'మునెమ్మ' మొదలుపెట్టాను. మొగుడి చావు వెనక ఏముందో తేల్చుకోవడానికి గిత్తను వెంటేసుకుని బయల్దేరిన పల్లెటూరి ఆడమనిషి కథ. 2008 ప్రాంతంలో పుస్తకంగా వచ్చినప్పుడు విమర్శకులు రెండుగా చీలి వాదించుకున్న నవల. మా దగ్గరా అదే జరిగింది. మునెమ్మ తెగువ అందరికీ నచ్చింది. గిత్త చుట్టూ కథ నడిపిన తీరు అమ్మకు ససేమిరా నచ్చలేదు. నవల ముగిసినా ఆ పంచాయితీ ముగియలేదు. పండుగకు చుట్టాలొచ్చినా ఇదే తీస్తున్నారు.

నవీన్ రాసిన 'అంపశయ్య' వారం కూడా నిలవలేదు. 1969లో వచ్చిన ఈ నవల ఉస్మానియా క్యాంపస్‌లో రవి అనే విద్యార్థి గడిపిన ఒక్క రోజు. ఇదీ ఒక్క రోజే, పంది కథా ఒక్క రాత్రే. మరి ఎక్కడ తేడా వచ్చింది? రవి కథంతా తలలో జరుగుతుంది. ఆలోచనలోంచి ఆలోచన, దాంట్లోంచి ఇంకో జ్ఞాపకం. కళ్లు వెనక్కి పోయి మళ్లీ చూసుకోగలవు, చెవికి ఆ సదుపాయం లేదు. "గీ పిలగాడు అన్నం తిన్నడా లేదా, గది చెప్పు ముందుగాల" అని వదినె అడిగినప్పుడు నేను పుస్తకం మూశాను. తర్వాత రాత్రిళ్లు ఒక్కదాన్నే చదివి పూర్తిచేశాను. గొప్ప నవలే. వదినె ప్రశ్న కూడా సరైనదే, రవికి ఆ రోజంతా డబ్బుల కటకటే కదా.

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' కథ వాళ్లలో కొందరికి సినిమాగా కొంత తెలుసు. పుస్తకంగా విన్నప్పుడు దొర ముచ్చట కంటే గడీలో దాసీలుగా బతికిన ఆడబాపల ముచ్చట దగ్గర చేతులు వేగం పెంచాయి. సిర్నాపల్లి గడీ మాకు ఎంతో దూరం కాదు. పెద్దమ్మ వాళ్ల అమ్మ గడీలో వడ్లు దంచినామె. రంగాచార్య పాత్రలు మన మాటే మాట్లాడతాయి కాబట్టి నాకు చదవడం తేలిక, గొంతు మార్చాల్సిన పనిలేదు. సామల సదాశివ 'యాది' అంతకంటే తేలిక. ఆదిలాబాద్ పెద్దాయన పక్కన కూర్చుని పాత సోపతిగాళ్ల గురించి, ఉర్దూ ఉస్తాదుల గురించి చెబుతున్నట్టే ఉంటుంది. దాన్ని ఎక్కడ తెరిచి చదివినా నడుస్తుంది, ముందురోజు రానివాళ్లు కూడా వెనకబడరు. పని ఎక్కువున్న రోజుల్లో నేను దాన్నే తీస్తాను.

అలెక్స్ హేలీ పుస్తకానికి సహవాసి చేసిన తెలుగు 'ఏడుతరాలు' గురించి నాకు అనుమానముండేది. ఆఫ్రికా పేర్లు, ఓడలు, పత్తి తోటలు, ఇవన్నీ ఎక్కుతాయా అని. మొదటిరోజే కుంటా కింటే మా వాళ్లకు "కుంటయ్య" అయిపోయాడు. ఆ తర్వాత అంతా నల్లేరు మీద బండి నడకే.

బి.ఎస్. రాములు 'బతుకుపోరు' మాత్రం చదవడానికే కుదరలేదంటే నమ్మండి. బీడీ కార్మికుల మీద రాసిన నవల, ఇంతకంటే తగినది ఏముంటుందని తెచ్చాను. పేజీకొకరు ఆపి తమ ముచ్చట చెప్పుకొచ్చారు. ఫలానా సంవత్సరం కార్ఖానా ముందు కూర్చున్న ధర్నా, పీఎఫ్ కోసం తిరిగిన తిరుగుడు, బీడీ కట్టల మీద పుర్రె బొమ్మ వేస్తారంటే జిల్లా అంతా లేచిన గొడవ, 2015లో మొదటిసారి చేతికొచ్చిన వెయ్యి రూపాయల పింఛను. నవల మెల్లగా పక్కకు జరిగిపోయింది. దాన్ని ఓటమి అనాలో గెలుపనాలో నాకే తేల్లేదు. సగంలో ఉంది, మళ్లీ మొదలుపెట్టాలి.

కవిత్వం చదువుతావా అని కొందరు అడుగుతారు. దాశరథి కృష్ణమాచార్య 'అగ్నిధార' ఒక్కటి చదివాను, అదీ కారణం ఉండి. నిజామాబాద్ ఖిల్లా ఒకప్పుడు జైలు. 1948లో దాశరథిని అక్కడ పెట్టారు, కాగితం లేక గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. ఈ రోజు తెలంగాణలో చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చే 'నా తెలంగాణ కోటి రతనాల వీణ' అన్న మాట అప్పుడు పుట్టినదే. ఆ జైల్లోనే వట్టికోట ఆళ్వారుస్వామి ఆయన పక్కన ఉన్నాడు. 1949లో వచ్చిన 'అగ్నిధార'ను దాశరథి ఆ సహచరుడికే అంకితమిచ్చాడు. ఖిల్లా రామాలయానికి మా వాళ్లు పోయొచ్చినవాళ్లే. "గా గోడల్నా?" అని అడిగి, ఆ తర్వాత పద్యాలు బుద్ధిగా విన్నారు. పద్యం సగం అర్థం కాకపోయినా ఊపు చేతికి తెలుస్తుంది. నిజం చెప్పాలంటే వేగం విషయంలో ఏ నవలా దాన్ని దాటలేదు.

ఇక ముందు చదవబోయేవి.

మొదటిది ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'. తెలంగాణ తొలి నవల అని చాలామంది చెప్పే పుస్తకం. రాసినాయన వంటవాడిగా, హోటలు పనివాడిగా బతికి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఇంటింటికీ తిరిగి అమ్మినవాడు. అలాంటి మనిషి పుస్తకం అరుగు మీద చదవకపోతే ఎట్లా? పైగా ఆయన పుస్తకాలు అమ్ముకుంటూ తిరిగిన ఆ రోజుల్లో మా నిజామాబాద్ కూడా మామూలు ఊరు కాదు. 1937లో ఆరో ఆంధ్ర మహాసభ మందుముల నరసింగరావు అధ్యక్షతన అక్కడే జరిగింది. ఈ నవల తర్వాత ఆళ్వారుస్వామి కథలు 'జైలు లోపల'.

రెండోది 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న బయల్దేరి కాశీకి పోయి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. దారిలో చూసిందంతా రాసిపెట్టుకున్నాడు, అది 1838లో అచ్చయింది. హైదరాబాద్ నుంచి నిర్మల మీదుగా నాగపూరు పోయాడు కాబట్టి మన దిక్కు నుంచే పోయాడన్నమాట. ఈనాడు ఇందల్వాయి టోల్‌గేటు దగ్గర లారీలు బారులు తీరే దారినే, దాదాపు 200 ఏళ్ల కింద పల్లకీలు, బోయీలు పోయాయి. ఊళ్లలో నీళ్లెట్లా ఉన్నాయి, ఏ సరుకు దొరుకుతుంది, రాత్రి ఎక్కడ దిగాలి, ఇవన్నీ ఆయన చెబుతూ పోతాడు. చిన్నత్తకు కాశీకి పోవాలని ఎన్నో ఏళ్ల కోరిక. రైలు టికెట్టు అయ్యేదాకా ఈ పుస్తకంతో సరిపెడదామని నా ఆలోచన. భాష పాతది, అందుకే రోజుకు కొంచెమే.

పెద్దింటి అశోక్‌కుమార్ 'జిగిరి' ఆడించే ఎలుగుబంటి చుట్టూ తిరిగే కథ, దాని విషయంలో నాకు బెంగ లేదు, పంది గెలిచిన చోట ఎలుగు ఓడదు. ఆయనదే 'ఎడారి మంటలు' గల్ఫు వలస మీద రాసిన నవల. దాన్ని తెచ్చి పెట్టాను, తెరవలేదు. అరుగు మీద కూర్చునేవాళ్లలో ఒకామె భర్త, ఇంకొకామె కొడుకు అక్కడే ఉన్నారు. అట్ట మీది పేరు చదివి ఒకామె పుస్తకాన్ని మెల్లగా పక్కన పెట్టింది. వాళ్లు అడిగినప్పుడే చదువుతాను, అడగకపోతే లేదు.

నా ఒంటరి జాబితాలో ప్రస్తుతానికి రెండే. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర', 1949లో వచ్చి 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చిన పుస్తకం. మన తాతముత్తాతలు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అన్న లెక్క. రెండోది పి.వి. నరసింహారావు నవలకు కల్లూరి భాస్కరం తెలుగు, 'లోపలి మనిషి'. దాన్ని అరుగెక్కించే ధైర్యం నాకు లేదు, రాజకీయాలు తీస్తే బీడీలు కావు.

పుస్తకాలు ఎక్కడివి అంటే, కొన్ని నిజామాబాద్ జిల్లా కేంద్ర గ్రంథాలయానివి. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. కాబట్టి అక్కడ పుస్తకం అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు, మన పైసలే. కొన్ని డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన నుంచి తెచ్చుకున్నవి. తపాలాలో తెప్పించుకోవడం తగ్గించాను. 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్‌పోస్టు సౌకర్యం ఎత్తేశాక, సన్నపాటి పుస్తకానికి దాని ధర పక్కన తపాలా ఖర్చు కూడా కనబడసాగింది. పట్నంలో ఉండేవాళ్లకు ఇది చిన్న విషయం, మండల కేంద్రంలో ఉన్నవాళ్లకు కాదు.

జాబితాలో ఒక చోటు ఖాళీగా పెట్టాను, ఇంకా దొరకని ఒక పుస్తకం కోసం. చిన్నత్తది బోధన్ దిక్కు. ఆమె భర్త శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీలో సీజను పనికి పోయేవాడు. నిజాంసాగర్ కట్టడం 1931లో పూర్తయింది, మంజీర నీళ్లతో చెరుకు పెరిగింది, 1937లో ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది. చిన్నత్త చెప్పేటప్పుడు నేను పుస్తకం పక్కనపెట్టి వింటాను. తెల్లవారుజాము నుంచి బారులు తీరిన చెరుకు బండ్లు, సైరను బట్టి పొయ్యి ముట్టించే ఇండ్లు, గాలి మళ్లినప్పుడు ఊరంతా కమ్మే మొలాసిస్ వాసన, సీజను అయిపోయాక అప్పు పుట్టని నెలలు. కోస్తా నుంచి వచ్చి చెరుకు పెట్టినవాళ్లు, మరాఠీ కూలీలు, ఉర్దూ మాట్లాడే మేస్త్రీలు, మూడు నాలుగు భాషలు కలిసిన క్వార్టర్లు. ఒక పెద్ద నవలకు కావలసినదంతా అక్కడుంది. కార్మికుల కరపత్రాలు, పేపరు కటింగులు నా దుకాణానికి జిరాక్సుకు వచ్చాయి గానీ అవి చాలవు. కథో, నవలో, ఆత్మకథో, సాయంత్రం అరుగు మీద వారం పదిరోజులు నడిచేంత పుస్తకం కోసం వెతుకుతున్నాను.

శక్కర్‌నగర్‌లో పనిచేసినవాళ్లు, వాళ్ల పిల్లలు, ఆ చెరుకు తోలిన రైతులు ఈ వ్యాసం చదివితే నాదొక విన్నపం. మీలో ఎవరైనా రాసి అచ్చు వేసి ఉంటే ఆ పుస్తకం పేరు ఈ పత్రికకు తెలియజేయండి, కొని తెచ్చుకుంటాం. నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నా సరే, సిరికొండకు తెస్తే నేను చదివి వినిపిస్తాను, చాయ్ మా ఇంట్లోనే. అచ్చు వేయించే ఆలోచన ఉంటే మాత్రం అక్షరాలు కాస్త పెద్దవి పెట్టించండి. అరుగు మీద బల్బు చిన్నది, నాకు కళ్లద్దాలు వచ్చాయి.